చదవని పుస్తకం ఉంచాలా, పంపాలా: ముందు రెండో పేజీ చూడండి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైన సంగతి ఇది. మియాపూర్‌లో రెండు పడకగదుల ఫ్లాటు, ఇంట్లో సుమారు 1,100 పుస్తకాలు, వాటిలో మీరే లెక్కపెట్టి చెప్పినట్టు 480 ఇంతవరకు చదవనివి. వచ్చే జూన్‌లో మీ అబ్బాయి పదో తరగతికి వస్తాడు కనుక పుస్తకాల గదిని అతనికి ఇవ్వాలి. చదివినవాటిలో ఏవి ఉంచుకోవాలో మీకు తెలుసు, చదవనివాటి దగ్గరకు వచ్చేసరికే చెయ్యి ఆడటం లేదు. "ఏ పుస్తకం ఎప్పటికైనా చదువుతానో ముందుగా తెలుసుకోవడం ఎలా?" అని అడిగారు. శాఖా గ్రంథాలయాల్లోనూ తర్వాత జిల్లా కేంద్ర గ్రంథాలయంలోనూ కలిపి 31 సంవత్సరాలు పుస్తకాలను చేర్చే పనీ తొలగించే పనీ చేసినవాణ్ణి, రిటైరైన తర్వాత ఇల్లు మారవలసి వచ్చి సొంత పుస్తకాలను సగానికి తగ్గించుకున్నవాణ్ణి కాబట్టి నాకు తోచింది కాస్త వివరంగానే చెబుతాను.

అసలు ఆ ప్రశ్నను పక్కన పెట్టమని నా మొదటి మాట. "ఇది చదువుతానా?" అన్న ప్రశ్నకు మీరు ప్రతి పుస్తకం కొన్ననాడే "చదువుతాను" అని జవాబు చెప్పుకున్నారు, లేకపోతే కొనేవారే కారు. ఆ జవాబు 480 సార్లు తప్పిందంటే మీలో లోపం ఉందని కాదు, ఆ ప్రశ్నకు ముందుగా జవాబు చెప్పడం ఎవరివల్లా కాదు. ఏటా నలభై కొంటున్నానని, ఇరవై చదువుతున్నానని మీరే రాశారు. ఇవాళ్టి నుంచి ఒక్క పుస్తకం కూడా కొనకుండా ఉన్నా, ఉన్నవి పూర్తి కావడానికి 24 ఏళ్ళు పడుతుంది. కొనకుండా ఉండరని మీకూ తెలుసు, నాకూ తెలుసు; డిసెంబరులో హైదరాబాదు పుస్తక ప్రదర్శన, జనవరిలో విజయవాడది, మధ్యలో ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ ఉండగా అది జరిగే పని కాదు. కాబట్టి మీ దగ్గరున్న చదవని పుస్తకాల్లో చాలా భాగం చదవకుండానే ఉండిపోతుందని ఒప్పుకుని, ఆ మెట్టు మీద నిలబడి ఆలోచించాలి.

అప్పుడు వేసుకోవలసిన ప్రశ్న వేరు. ఈ పుస్తకం నా చేతిలోంచి పోతే, కావాలనిపించిన రోజున మళ్ళీ దొరుకుతుందా? దీనికి జవాబు మీ మనసులో వెతుక్కోనక్కర లేదు, చాలావరకు పుస్తకంలోనే అచ్చై ఉంటుంది.

తెలుగు పుస్తకాల విషయంలో ఈ ప్రశ్నకు ఎందుకంత బరువు ఇస్తున్నానో చెప్పాలి. బాగా అమ్ముడుపోయే ఇంగ్లీషు నవల చదవకుండా ఇచ్చేస్తే, పదేళ్ళ తర్వాత బుద్ధి పుట్టినా రెండు రోజుల్లో ఇంటికి తెప్పించుకోవచ్చు, లేదా ఏ పాత పుస్తకాల గుట్టలోనో అదే కనిపిస్తుంది. తెలుగు పుస్తకం అట్లా కాదు. కవిత్వం, కథలు, విమర్శ, స్థానిక చరిత్ర లాంటివి సాధారణంగా ఐదు వందలు, మహా అయితే వెయ్యి ప్రతులు వేస్తారు. చాలావాటికి రెండో ముద్రణ ఉండదు. ఆ ఐదు వందల్లో కొన్ని ఆవిష్కరణ సభలో పంచిపెడతారు, కొన్ని సమీక్షకు పంపుతారు, కొన్ని రచయిత ఇంట్లో మంచం కింద కట్టలుగా ఉండి చెదలపాలవుతాయి. మిగిలినవి చేతులు మారి మీదాకా వచ్చాయి. ప్రచురించిన ప్రతి పుస్తకాన్నీ కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి, మరి మూడు పెద్ద గ్రంథాలయాలకు పంపాలని 1954 నుంచి చట్టం ఉన్న మాట నిజమే కానీ, సొంత డబ్బుతో ఒకే ఒక పుస్తకం వేసుకున్న మనిషికి ఆ చట్టం సంగతి తెలిసి ఉండటం అరుదు.

ఇది నాకు ఉద్యోగం నేర్పిన పాఠం, అదీ నా తప్పు ద్వారా నేర్పింది. 1996 వేసవిలో నేను పనిచేస్తున్న శాఖకు కొత్త పుస్తకాలు వచ్చాయి, సర్దడానికి అరలు లేవు, తొలగించవలసిన పుస్తకాల జాబితా తయారు చేయమన్నారు. అందుకు మేము పాటించిన పద్ధతి సులువైనది: వెనక అట్ట లోపలివైపు అంటించిన తేదీ చీటీ చూడటం, పదేళ్ళుగా దాని మీద ముద్ర పడకపోతే ఆ పుస్తకం ఎవరికీ అక్కర లేదని తేల్చుకోవడం. అలా పక్కన పెట్టినవాటిలో నీలం అట్టతో ఒక పలుచటి పుస్తకం ఉంది. అక్కడికి పన్నెండు కిలోమీటర్ల దూరంలోని ఒక గ్రామం చరిత్ర అది. చెరువు ఎవరు తవ్వించారు, ఏ వీధి ఏ ఏడు తగలబడింది, బడి ఎవరి పశువుల కొట్టంలో మొదలైంది అన్న సంగతులతో రిటైరైన హెడ్మాస్టరు గారొకరు రాసి, పక్క పట్నంలోని ప్రెస్సులో అచ్చు వేయించుకున్నారు. చీటీ మీద ఒక్క ముద్ర కూడా లేదు. జాబితాలో దాని నంబరు రాసింది నేనే, అది మిగిలినవాటితో పాటు తూకానికి వెళ్ళిపోయింది. ఆరేళ్ళ తర్వాత నేను బదిలీల మీద తిరిగి అక్కడికే వచ్చినప్పుడు, ఆయన మనవడు వెతుక్కుంటూ వచ్చాడు. ఇంట్లో ఒక్క ప్రతి కూడా మిగలలేదట, తాతగారు మాత్రం గ్రంథాలయానికి ఒకటి ఇచ్చానని డైరీలో రాసుకున్నారట. చేరిన ప్రతి పుస్తకాన్నీ నంబరు వేసి రాసుకునే ప్రవేశ రిజిస్టరు తీశాను. పుస్తకం పేరు ఉంది, దానికి ఎదురుగా ఎర్ర సిరాతో నా చేతిరాతలో "తొలగించబడినది" అని కూడా ఉంది. అతను ఆ గీత మీద వేలు పెట్టి కాసేపు చూసి, "పోనీలెండి మాస్టారూ" అని వెళ్ళిపోయాడు. చదవని పుస్తకమంటే అక్కర లేని పుస్తకం అని ఆనాటి నుంచి నేను అనడం మానేశాను.

కనుక ఒక్కో పుస్తకం చేతిలోకి తీసుకుని, ముందుమాటల జోలికి పోకుండా, పేరు ఉన్న పేజీ వెనకవైపు తిప్పండి. "ప్రథమ ముద్రణ" అని ఏ సంవత్సరం వేశారో, "ప్రతులు" అన్న చోట ఎంత ఉందో, అన్నిటికన్నా ముఖ్యంగా "ప్రతులకు" అన్న మాట కింద ఏ చిరునామా ఉందో చూడండి. అక్కడ ఊరూరా దుకాణాలున్న ప్రచురణ సంస్థల పేర్లు ఉండి, ఇది ఏడో ముద్రణ, పన్నెండో ముద్రణ అని ఉంటే ఆ పుస్తకం గురించి దిగులు పడనక్కర లేదు, మీరు ఉంచకపోయినా లోకంలో ఉంటుంది. అక్కడ రచయిత ఇంటి నంబరు, వీధి పేరు, ఐదారు అంకెల పాత ల్యాండ్‌లైన్ నంబరు మాత్రమే ఉన్నాయంటే, ప్రతులు 300 అని ఉందంటే, ఒక్క క్షణం ఆగండి. గ్రామ చరిత్రలు, జిల్లా కవుల పరిచయాలు, అచ్చైన పిహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు, వృత్తిపదకోశాలు, ఎవరికీ తెలియని మనుషుల ఆత్మకథలు, కళాశాలల స్వర్ణోత్సవ సంచికలు, ఏడాది నడిచి ఆగిపోయిన చిన్న పత్రికల సంచికలు ఈ జాతిలోవి. "వెల: అమూల్యం" అని అచ్చు వేసిన పుస్తకాన్ని మనం నవ్వుకుని పక్కన పడేస్తాం కానీ, అమ్మకానికి పెట్టని పుస్తకం తర్వాత కొనడానికి కూడా దొరకదు.

అయితే దొరకని పుస్తకాలన్నీ మీరే మోయాలని నేను అనడం లేదు. మీది గ్రంథాలయం కాదు, ఇల్లు. దొరకదు, నాకు దాని విషయం మీద ఆసక్తి కూడా ఉంది అనుకుంటే చదివినా చదవకపోయినా ఉంచండి. దొరకదు, కానీ నాకు ఆసక్తి లేదు అనుకుంటే దాన్ని భద్రపరిచే చోటికి పంపండి. ఆ చోట్ల సంగతి తర్వాత చెబుతాను. ఎప్పుడైనా దొరుకుతుంది, ఆసక్తి కూడా లేదు అనుకున్నవి ఈ ఆదివారమే వెళ్ళిపోవచ్చు. మిమ్మల్ని ఇబ్బంది పెట్టేవి నాలుగో రకం: ఎప్పుడు కావాలన్నా దొరుకుతాయి, చదవాలనీ ఉంది, పదిహేనేళ్ళుగా చదవలేదు. ఇక్కడ నిజాయితీగా ఉండాలి. వాటిలో చాలా పుస్తకాలను మనం చదవడానికి కొనలేదు, చదవలేదన్న సిగ్గు పోగొట్టుకోవడానికి కొన్నాం. ప్రబంధాల వ్యాఖ్యాన సంపుటాలు, రష్యన్ నవలల లావుపాటి అనువాదాలు, తత్వశాస్త్రం, ఒకప్పటి స్నేహితుల బృందంలో అందరూ మాట్లాడుకున్న సిద్ధాంత గ్రంథాలు మా ఇంట్లో ఈ లెక్కలోనే చేరాయి. సిగ్గుతో కొన్న పుస్తకం అరలో ఉన్నన్నాళ్ళూ మనల్ని చూసి తల తిప్పుకునేలా చేస్తుందే తప్ప చదివించదు. కన్యాశుల్కం చదవలేదని నొచ్చుకుంటూ ముప్పై ఏళ్ళు ఉంచుకున్న మనిషి ఒకాయన నాకు తెలుసు. ఎవరికో ఇచ్చేసి, తర్వాత రెండేళ్ళకు రైలు ప్రయాణానికి ముందు మళ్ళీ కొనుక్కుని, సికింద్రాబాదు నుంచి విశాఖ చేరేలోగా పూర్తి చేశాడు. ఆ పుస్తకం అచ్చులో లేని రోజు ఉండదు కాబట్టి ఆయన పోగొట్టుకున్నది ఏమీ లేదు.

మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడైన రంగనాథన్ గారు 1931లో చెప్పిన ఐదు సూత్రాల్లో మూడోది, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు ఉంటాడని. ఆ పాఠకుడు మీరే కావాలని ఆయన ఎక్కడా అనలేదు.

ఇంటర్నెట్‌లో ఉంది కదా అన్న ధైర్యం గురించి కూడా ఒక మాట. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు వేల సంఖ్యలో ఇప్పుడు ఆర్కైవ్.ఆర్గ్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. మన దేశంలో కాపీరైటు రచయిత మరణించిన తర్వాతి సంవత్సరం మొదలు 60 ఏళ్ళు ఉంటుంది కనుక, 1960 నాటికి ముందే గతించిన రచయితల పుస్తకాలను ఎవరైనా తిరిగి వేయవచ్చు, వేస్తున్నారు కూడా. కాబట్టి మీ దగ్గర పెళుసుబారిన పాత ప్రతి ఉంటే, దాని స్కాన్ దొరుకుతుందేమో చూసి నిశ్చింతగా ఉండవచ్చు. కానీ స్కాన్‌ను ఒకసారి చివరిదాకా తిప్పి చూడకుండా మాత్రం పుస్తకాన్ని పంపకండి. పేజీలు ఎగిరిపోయినవి, ఒకే పేజీ రెండుసార్లు వచ్చినవి, పటాలు మడత మీదే స్కానైనవి, తెలుగు పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఏదో విధంగా రాయడం వల్ల వెతికితే కనపడనివి నేను ఎన్నో చూశాను. 1970 తర్వాతి పుస్తకాలకైతే ఈ ధైర్యం చాలావరకు పనికిరాదు. అవి ఇంకా కాపీరైటులోనే ఉంటాయి, ప్రచురణకర్త మూసేసి ఉంటాడు, మళ్ళీ వేయడానికి ఎవరి అనుమతి అడగాలో కూడా తెలియదు. ముప్పై నలభై ఏళ్ళ కిందటి మామూలు పుస్తకమే ఇవాళ అన్నిటికన్నా కష్టంగా దొరుకుతుంది.

సమాచారం కోసం కొన్నవాటి దగ్గర ఆగనక్కర లేదు. పాత కంప్యూటరు పుస్తకాలు, పోటీ పరీక్షల గైడ్లు, వ్యాట్ రోజుల పన్నుల పుస్తకాలు, 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చాక పాతబడిన ఐపీసీ వ్యాఖ్యానాలు, మందుల పుస్తకాలు అన్నీ వెళ్ళిపోవచ్చు. వీటిని ఎవరికీ దానం కూడా చేయకండి, మనకు పనికిరాని సమాచారం పక్కవాళ్ళకు మాత్రం ఏం పనికొస్తుంది! ఒక్క మినహాయింపు ఉంది: 23 జిల్లాల కాలం నాటి జిల్లా గెజిటీర్లు (జిల్లా వివరాలతో ప్రభుత్వం వేసిన గ్రంథాలు), జనగణన పుస్తకాలు సమాచారంగా పాతబడ్డాయి కానీ సాక్ష్యంగా పాతబడలేదు.

పని ఎలా చేయాలంటే, 480 పుస్తకాలనూ ఒకేసారి కిందకు దించకండి. మూడడుగుల అరలో మామూలు మందం పుస్తకాలు నలభై దాకా పడతాయి కాబట్టి, మీవి సుమారు పన్నెండు అరలు. ఆదివారానికి ఒక అర చొప్పున దించి, నేల మీద దుప్పటి పరిచి, పక్కన కూర్చోండి. రెండో పేజీ చూడటం అయ్యాక, ఉంచాలా వద్దా అని ఊగిసలాడే పుస్తకాన్ని ఇరవయ్యో పేజీ దగ్గర తెరిచి నాలుగు పేజీలు చదవండి. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టవద్దనడానికి కారణం, మన పుస్తకాలకు ముగ్గురు నలుగురు ముందుమాటలు రాస్తారు, అవి దాటేసరికి పుస్తకం మీద ఉన్న ఇష్టం కాస్తా తీరిపోతుంది. నాలుగు పేజీలయ్యాక ఐదోది మీ చెయ్యి దానంతట అదే తిప్పితే, ఆ పుస్తకం ఇంట్లో ఉండవలసినదే. ఇలా చేస్తే మొదటి రోజు అర పూర్తి కాదు, ఏదో ఒక పుస్తకం పట్టుకుని సాయంత్రం దాకా కూర్చుండిపోతారు. దాన్ని నష్టం కింద రాయకండి, మీ 480లో ఒకటి తగ్గింది.

సంపుటాలుగా వచ్చిన సమగ్ర రచనల విషయంలో తొందరపడవద్దు. ఎనిమిది సంపుటాల్లో మూడు చదివి, మిగిలిన ఐదూ చదవనివి కదా అని వాటిని విడదీసి ఇచ్చేస్తే, మీ దగ్గర ఉన్నదీ విలువ కోల్పోతుంది, ఇచ్చినదీ ఎవరికీ పనికిరాదు. ఉంచితే అన్నీ ఉంచండి, పంపితే అన్నీ పంపండి. సంపుటాలు అన్నీ ఒకే వేగంతో అమ్ముడుపోవు, మధ్యలో ఒకటి అయిపోతే దాన్ని విడిగా వేయరు.

రచయితలు సంతకం చేసి ఇచ్చిన పుస్తకాలు మరో చిక్కు. మొహమాటానికి తీసుకున్నాం, మొహమాటానికే ఉంచుకున్నాం. సంతకం ఉన్న పేజీ చింపి అమ్మేవాళ్ళను చూశాను, అది పుస్తకానికి చేసే హాని, పైగా సంతకం ఉన్న ప్రతికే రేపు విలువ. దీనికి చాలామందికి తట్టని మార్గం ఒకటుంది: ఇరవై ఏళ్ళ కిందట సొంతంగా వేసుకున్న రచయితల్లో చాలామంది దగ్గర ఇవాళ తమ పుస్తకమే ఉండదు, ఉన్న చివరి ప్రతిని కూడా ఎవరో అడిగితే ఇచ్చేసి ఉంటారు. "మీ పుస్తకం నా దగ్గర భద్రంగా ఉంది, మీకు ప్రతి కావాలా?" అని ఫోను చేసి అడగండి. నేను అడిగిన ఆరుగురిలో నలుగురు సంతోషంగా తీసుకున్నారు.

పుస్తకం ఒంటి పరిస్థితి కూడా నిర్ణయంలో భాగమే. పేజీ మూలను కొద్దిగా వంచితే పటుక్కున విరిగేది, లోపల మట్టి గీతలు కనిపించేది, వెండిరంగు పురుగులు పరుగెత్తేది మంచి పుస్తకాల పక్కన పెట్టకూడదు. దాన్ని ఎంతగా ఉంచుకోవాలని ఉన్నా, ముందు వేరే అట్టపెట్టెలో ఒక నెల ఉంచి గమనించండి. కలరా ఉండలు వేస్తే వాసన వస్తుందే గాని చెదలు ఆగవు. బీరువాను బయటి గోడకు ఆనించకుండా మూడంగుళాలు జరిపి పెట్టడం వల్ల అంతకన్నా ఎక్కువ లాభం ఉంది. అటక మీద పెట్టడం అంటే నా దృష్టిలో ఉంచుకోవడం కాదు, నెమ్మదిగా పారేయడం.

ఇక పంపవలసినవి ఎక్కడికి పంపాలి? మామూలు నవలలు, ఇంగ్లీషు పుస్తకాలు అబిడ్స్, కోఠీ పాత పుస్తకాల వాళ్ళకు ఇచ్చేయండి. డబ్బు ఆశించకండి, అక్కడైతే చదివేవాడి చేతికి చేరతాయి. అరుదైనవాటిని మాత్రం బస్తాలో వేసి ఏదో ఒక గ్రంథాలయం గుమ్మం ముందు దింపి రావద్దు. రిజిస్టరులో ఎక్కించే మనిషి లేక, విరాళంగా వచ్చిన బస్తాలు బస్తాలుగానే ఏళ్ళ తరబడి మూలన పడి ఉండటం నేను లోపలి నుంచి చూసినవాణ్ణి. ముందు రచయిత, పేరు, సంవత్సరం ఉన్న జాబితా పంపి, వాళ్ళ దగ్గర లేనివి ఏవో టిక్కు పెట్టమని అడగండి, వాటినే ఇవ్వండి, ప్రవేశ సంఖ్య వేశాక ఆ సంఖ్యలు రాసి పంపమని చెప్పండి. మీకు దగ్గరలో సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901 నుంచి ఉంది, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. పుస్తకాలు ప్రకాశం, గుంటూరు ప్రాంతాలకు సంబంధించినవైతే 1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనాన్ని అడగవచ్చు. వాళ్ళు తీసుకుంటారో లేదో జాబితాను బట్టి వాళ్ళే చెబుతారు. వద్దంటే ఆ విషయం మీద పనిచేస్తున్న పరిశోధక విద్యార్థి ఒకరిని పట్టుకోవడం మేలు, పుస్తకం అక్కడ వెంటనే పనిలో పడుతుంది.

మీ ఉత్తరం చివర, అమ్మగారు వారపత్రికల్లోంచి సీరియళ్ళు చింపి, పురికొసతో కుట్టి, కాలికో బైండు చేయించుకున్నవి పదకొండు ఉన్నాయనీ, అట్టల మీద పేర్లు కూడా లేవనీ, వాటిని మొదట తీసేద్దామనుకుంటున్నాననీ రాశారు. వాటిని అన్నిటికన్నా చివర ముట్టుకోండి. ఆ రోజుల్లో వచ్చిన సీరియళ్ళన్నీ పుస్తకాలు కాలేదు, అయినవాటిలో కూడా పత్రికలో వేసిన బొమ్మలు తర్వాత పుస్తకంలో రాలేదు. ఒక్కో బైండు తెరిచి సీరియల్ పేరు, రచయిత పేరు, ఏ వారం నుంచి ఏ వారం దాకా ఉన్నాయి, మధ్యలో ఏ వారం తప్పిపోయింది అన్నది ఒక కాగితం మీద రాసి నాకు పంపితే, పుస్తకంగా వచ్చినవి ఏవో నేను, నాలాంటి మరి కొందరు చూసి చెప్పగలం. అంతవరకు వాటిని పడుకోబెట్టి ఉంచండి, నిలబెడితే ఆ కుట్టు ఆగదు.